రేవు సీనులో మూడో రాజు

మా బావ మాణిక్యాలరావు గురించి నాలుగు ముక్కలు చెప్పమని మొన్న అమలాపురం నుంచి కళాసమితి వాళ్ళు వచ్చారు. ప్రత్యేక సంచిక వేస్తున్నారట. "నవ్వుల చక్రవర్తి" అని అట్ట మీద ముందే అచ్చు వేయించుకుని మరీ వచ్చారు. మీ చక్రవర్తిని మీరే ఏలుకోండి, నన్నడక్కండి అని పంపేశాను. ఇంటికొచ్చిన వాళ్ళకి కాఫీ నీళ్ళయినా ఇవ్వకుండా పంపిస్తారా అని మా ఆవిడ నన్ను దులిపేసింది. నిజమే, ఇవ్వాల్సింది. కాని ఆ అట్ట చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన నవ్వించడానికి పుట్టినవాడు కాదు. రాజు వేషం కట్టి పద్యం పాడటానికి పుట్టినవాడు. అది జరగలేదు. ఎందుకు జరగలేదో మొదట్నుంచీ తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఆయన నోరు విప్పడు గనక నేను చెబుతున్నాను.

నా పేరు బుచ్చిరాజు. పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తాను. మాణిక్యాలరావు మా అక్క అప్పాయమ్మ భర్త. అక్కకీ నాకూ చాలా ఏళ్ళ తేడా, నన్ను ఎత్తుకు పెంచింది ఆవిడే.

పెళ్ళికి ముందు అక్క అంబాజీపేటలో కొబ్బరిపీచుతో తాళ్ళు పేనే షెడ్డులో పనిచేసేది. గోడకి అవతల కొబ్బరి కొట్టు. అక్కడ కాయలు వొలిచేవాళ్ళలో ఒకతను పాడుతూ వొలిచేవాడు. అక్క ముందు ఆ గొంతు విన్నది, తర్వాత చాన్నాళ్ళకి మనిషిని చూసింది. ఈ సంగతి నాకు కొన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది.

"తిన్నగా వచ్చేదిరా ఆ గొంతు. ఎక్కడా వణుకు లేదు. పైకి పోయేకొద్దీ సన్నబడేది గాని తెగేది కాదు. నేను చేతులాపేసి వింటూంటే మేస్త్రీ తిట్టేవోడు."

"మరి మనిషిని చూసేక ఏవనుకున్నావే?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"నల్లగా, పొట్టిగా, చెవులు చేటలంత. పర్లేదులే, చెవులతో పాడడు కదా అనుకున్నాను" అనేది.

పెళ్ళయిన ఏడాదే మా బావ నాటకాల్లో చేరాడు. సమాజం నడిపేది కొత్తపేట కంట్రాక్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు. అంత పేరు పలకలేక మేమంతా ఈశ్వర్రావుగారనేవాళ్ళం. ఆయన తండ్రి రాసిన నాటకం ఒకటుంది, మా సమాజం తప్ప ఇంకెవరూ ఆడరు. ఒక రాజు రాజ్యం పోగొట్టుకుని, దిక్కులేక, ఏరు దాటడానికి రేవుకొస్తాడు. పడవ నడిపే తాత అతన్ని గుర్తుపట్టడు. దాటించడానికి కూలి ఏమిస్తావంటాడు. అప్పుడు రాజు పాడే పద్యం ఇది.

రాజ్యమింక లేదు రథమును లేదయ్య
పేరు కూడ పోయె బీదనైతి
గట్టు చేర్చు తాత కరుణతో నెక్కించి
పాట తప్ప నాకు పైకమేది

నాటకం మొత్తానికి ఇదే ప్రాణం. దీన్ని రేవు సీను అంటాం. ఈ పద్యం పడితే ఆడవాళ్ళు పైటచెంగులు కళ్ళకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. పడకపోతే ఆ ఊళ్ళో మళ్ళీ మాకు పిలుపు ఉండేది కాదు.

మా నాటకాలు చూడనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. రాజు వేషం ఒక్కడే కట్టడు. ఒక్కో అంకానికి ఒక్కో నటుడు వస్తాడు, ఒకటో రాజు, రెండో రాజు, మూడో రాజు అని. అందరిలోకీ పేరున్నవాడే మూడో రాజు, రేవు సీను అతనిదే. చిన్న వేషాలకి ఈ వైభోగం లేదు. పడవ తాత మొదట్నుంచి చివరిదాకా ఒక్కడే. ఏ ఊళ్ళో ఏ మూడో రాజు వచ్చినా దాటిస్తూ ఉంటాడు.

మా బావ రాజు వేషం కోసమే చేరాడు. ఈశ్వర్రావుగారు కూడా గొంతు సంగతి నలుగురి నోటా విని సరే అన్నారు. ఇంతలో పడవ తాత వేషం కట్టే బంగారరాజుగారు ముంగండలో నాటకం ఉన్న పూట జ్వరంతో పడిపోయారు. ఈ ఒక్కసారికీ నువ్వు కట్టవయ్యా అన్నారు. మా బావ గెడ్డం అంటించుకుని, నడుం వంచి, గొంతు వణికించి, తాత పద్యం మధ్యలో దగ్గి, దగ్గులోంచి మళ్ళీ శ్రుతిలోకి వచ్చి పాడాడు. జనం పడీ పడీ నవ్వి వన్స్‌మోర్ అన్నారు.

ఈ వన్స్‌మోర్ మాకు సుప్రీంకోర్టు తీర్పు లాంటిది. జనం అడిగితే నటుడు కాదనకూడదు. కథ ఎక్కడున్నా ఆగాలి, హార్మోనియం మళ్ళీ శ్రుతి ఇవ్వాలి, పద్యం మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకోవాలి. స్టేజీ మీద చచ్చిపడినవాడైనా లేచి పాడి మళ్ళీ చావాల్సిందే. ఆ రోజు మా బావ చేత అలా ఎన్నిసార్లు పాడించారో. అక్కడితో ఆయన నుదుట రాత రాసేశారు.

"రాజులు ఊరికి పదిమంది దొరుకుతారండి మాణిక్యాలరావుగారూ. ఇలాంటి తాత ఎక్కడ దొరుకుతాడు?" అనేవారు ఈశ్వర్రావుగారు, ఎప్పుడడిగినా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పాతికేళ్ళు నిండని మనిషి తాతయి కూర్చున్నాడు. వయసు మళ్ళేకొద్దీ గెడ్డం అంటించాల్సిన అవసరం తగ్గుతూ వచ్చింది.

ఇక్కడే ఆయన ఒక పిచ్చిపని చేశాడు. పిచ్చి అని ఇప్పుడంటున్నాను గాని అప్పుడు మాకెవరికీ అలా అనిపించలేదు. మా నాటకాలవాళ్ళందరికీ ఒక నమ్మకం. గొంతు వాడితే అరిగిపోతుంది, దాస్తే నిలుస్తుంది. అందుకే నాటకం ఉన్న రోజు పెళ్ళాంతో కూడా సైగలతోనే మాట్లాడే మహానుభావులున్నారు. ఎండాకాలంలో మెడకి మఫ్లరు చుట్టుకుంటారు. మా బావ ఇంకో అడుగు ముందుకేశాడు. తాత వేషానికి తాత గొంతు వాడతాను, నా అసలు గొంతు మాత్రం రాజు వేషం వచ్చేదాకా బయటికి తియ్యను అని అక్క మీద ఒట్టు పెట్టుకున్నాడు.

"నాటు వెయ్యడానికి దాచిన విత్తనం వండుకు తింటావేటే?" అన్నాడు అక్కతో. "ఆ గొంతు నీది. రాజు వేషం వొచ్చిన్నాడు స్టేజీ మీద తీస్తాను. ముందు కుర్చీలో కూచుని విందువు గాని."

అక్క నమ్మింది. ఆవిడ నమ్మకపోతే ఎవరు నమ్ముతారు. కొబ్బరి కొట్టులో పాట ఆగిపోయింది. ఇంట్లో కూనిరాగం కూడా తియ్యడు. మా మేనకోడలు లావణ్య పుట్టినప్పుడు, పిల్ల ఏడుస్తోంది, ఒక్క జోలపాట పాడండీ అని అక్క బతిమాలింది. పాడాడు. తాత గొంతుతో పాడాడు, మధ్యలో దగ్గుతూ. పిల్ల ఏడుపు మాని కిలకిలా నవ్వింది. అక్క వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. విత్తనమైనా ఏళ్ళ తరబడి దాస్తే మొలవదు కదా అన్న మాట అప్పుడు నాకూ తట్టలేదు. మేం రైతులం కాదు.

ఏళ్ళు గడిచాయి. పగలు కాయలు వొలవడం, సాయంత్రం పిలుపు వస్తే గెడ్డం, కర్ర సంచిలో పెట్టుకుని బయల్దేరడం. రాజోలు, ఆత్రేయపురం, ఐనవిల్లి, జొన్నాడ, ఎక్కడ తీర్థమో జాతరో జరిగినా తాత దిగాల్సిందే. మూడో రాజులు ఎంతమంది మారారో చెప్పలేను. ఒకాయన ఎర్రగా ఉండేవాడని వచ్చాడు. ఒకాయనకి సొంత కిరీటం ఉందని వచ్చాడు. ఇంకొకాయన టీవీలో కనిపించాడని వచ్చాడు, వాడికి శ్రుతికీ స్మృతికీ తేడా తెలియదు, నా పీక మీదకి తెచ్చాడు. వాళ్ళందరి ఎదురుగానూ నడుం వంచుకుని నిలబడి, కూలి ఏమిస్తావు నాయనా అని అడిగేవాడు మా బావ. వాళ్ళు ఆ పద్యం పాడుతూంటే మొహం చూడాలి. జనం రాజుని చూసేవాళ్ళు. నేను తాతని చూసేవాణ్ణి. పెదవులు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు.

అక్క మాత్రం ఆశ చావనివ్వలేదు. ప్రతి తీర్థానికీ ముందు, "ఈసారి మీకేనేమోనండి" అనేది. "చూద్దాంలేవే" అనేవాడు. ఆ ఇద్దరి సంసారం ఆ రెండు మాటల మీదే నడిచిందంటే అబద్ధం కాదు.

కరోనా వెళ్ళిన మరుసటేడు అక్కకి ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే కూర్చునేది. కాకినాడలో పెద్ద డాక్టరుకి చూపించాం. గుండె బాగా దెబ్బతింది, ఆపరేషను తట్టుకోలేదు, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అన్నాడు. బాగా చూసుకోండి అంటే ఏమిటో మా అందరికీ తెలుసు. అక్కకీ తెలుసు. ఆవిడ ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో నా చెయ్యి పట్టుకుని ఒక్క మాట అడిగింది.

"బుచ్చీ, మీ బావ గొంతు ఒక్కసారి వినాలనుందిరా. ఇంట్లో అడిగితే తియ్యరు. ఒట్టు తప్పితే నాకేదో అయిపోద్దని భయం ఆయనకి. నువ్వే ఏదైనా చెయ్యాలి."

నేను మర్నాడే కొత్తపేట వెళ్ళాను. ఈశ్వర్రావుగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మాణిక్యాలరావుగారికి మనమే ఒక సన్మానం చేద్దావండి, శాలువా అదీ" అన్నారు.

"శాలువా ఎందుకండి, చలికాలం కూడా కాదు. మూడో రాజు వేషం ఇవ్వండి."

"జనం ఒప్పుకోరండి బుచ్చిరాజుగారూ. ఆయన్ని చూస్తేనే నవ్వొస్తది వాళ్ళకి."

"అయితే ఇంకో హార్మోనిస్టుని చూసుకోండి. రేపట్నుంచి నేను రాను" అని లేచాను. నా కోపం ఆయనకి తెలుసు. నా వాయిద్యం అవసరమూ తెలుసు. మెట్లు దిగేలోపే పిలిచారు.

అక్క ఎక్కువసేపు కూర్చోలేదు గనక నాటకమంతా వద్దనుకున్నాం. కొత్తపేటలో ఒక కల్యాణమండపం, ఆదివారం మధ్యాహ్నం. ముందు సన్మానం, వెంటనే రేవు సీను ఒక్కటే. రాజు మా బావ. తాత వేషానికి నాగేంద్రబాబు అనే అతన్ని పెట్టారు. సమాజంలో జోకరు వేషాలు కడతాడు, మా బావని అచ్చుగుద్దినట్టు దింపుతాడు.

మా నాటకాలకి రిహార్సలు అనేదే లేదు. నటులు బస్సు దిగి వస్తారు, మొహానికి రంగు పూసుకుంటూ నాకు శ్రుతి చెబుతారు, స్టేజీ ఎక్కేస్తారు. పద్యాలు అందరికీ నోటికి వచ్చినవే, ఇంక రిహార్సలు ఎందుకు. అయినా ఆ వారం నేను ఒకటికి రెండుసార్లు అడిగాను, బావగారూ, ఒకసారి పెట్టి చూద్దావా అని. "వొద్దు బుచ్చీ. అక్కడే తీస్తాను. మొదట మీ అక్కే వినాలి" అన్నాడు. ఆ మాట తప్ప ఆ వారమంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మిరియాల పాలు తాగుతూ కూర్చున్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు మనిషి, అరవై దాటిన వయసులో.

ఆదివారం హాలు నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకొచ్చారు జనం. ముందు వరసలో అక్కని దిండు వేసి కూర్చోబెట్టాం, పక్కన లావణ్య. అక్క పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. ఒంట్లో కండ లేక చీర నిలబడటం లేదు, లావణ్య పిన్నీసులు పెట్టి నిలబెట్టింది. శాలువా కప్పారు, పూలదండ వేశారు, ఆయన్ని వేషం కట్టుకోడానికి లోపలికి పంపి ఉపన్యాసాలు చెప్పారు. మాట్లాడిన ప్రతివాడూ తాత దగ్గు గురించే చెప్పాడు. అక్క ఆ మాటలేవీ వినలేదు. లోపల్నుంచి మా బావ ఎప్పుడొస్తాడా అని తెర వైపే చూస్తోంది.

మేకప్ గదిలో ఆయన కిరీటం పెట్టుకుని నిలబడ్డాడు. నిజం చెబుతున్నాను, పొట్టిగా కనిపించలేదు.

"శ్రుతి ఎంత పెట్టమంటారు బావగారూ?"

"అయిదున్నర."

"ఈ వయసులోనాండి? అయిదు పెడతాను."

"అయిదున్నరే. పెళ్ళినాడు పాడింది అదే."

సరేనన్నాను. తెర లేచింది. నాగేంద్రబాబు కర్ర ఊతంతో వంగి వచ్చి, తాత గొంతుతో నాలుగు మాటలు దగ్గాడు. జనం నవ్వారు. తర్వాత మా బావ వచ్చాడు. కిరీటం తీసి చేత్తో పట్టుకుని రాజ్యం పోయిన రాజులా నడిచి వచ్చాడు. నవ్వు ఆగిపోయింది. ఈయన్ని ఇలా చూడలేదే అన్నట్టు చూశారు జనం. కూలి ఏమిస్తావు నాయనా అని నాగేంద్రబాబు అడిగాడు. నేను శ్రుతి ఇచ్చాను. మా బావ అక్క వైపు చూసి పద్యం ఎత్తుకున్నాడు.

రాజ్యమింక లేదు అన్న మాట బయటికి వచ్చింది. తాత గొంతులో వచ్చింది.

మొదట నాకు అర్థం కాలేదు. కంగారులో పొరపాటున పాత అలవాటు వచ్చిందనుకున్నాను. ఆయనా అదే అనుకున్నట్టున్నాడు. ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చి, గొంతు సవరించుకుని, రథమును లేదయ్య అని పైకి ఎత్తాడు. పైకి వెళ్ళేకొద్దీ ఆ వణుకు ఇంకా పెద్దదయింది. వణికించడం ఆయన చేతిలో లేదు. ఆపడం అసలే లేదు. ఇన్నేళ్ళూ అద్దెకి తెచ్చుకున్న గొంతనుకున్నది ఇల్లంతా ఆక్రమించేసింది. దాచిపెట్టిన చోట ఏమీ లేదు.

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఇంకొకడు. రెండో పాదం వచ్చేసరికి హాలంతా నవ్వు. ఎదురుగా నాగేంద్రబాబు తాత, ఇటు కిరీటం పట్టుకున్న ఇంకో తాత. ఇది కావాలని పెట్టిన తమాషా అనుకున్నారు జనం. నవ్వు నాలుగు విధాల చేటంటారు, నాకు నాలుగు వందల విధాల తోచింది. హార్మోనియం పెట్టె ఎత్తి వాళ్ళ నెత్తిన వెయ్యాలనిపించింది. మా బావ ఆపలేదు. పద్యం చివరిదాకా పాడాడు. పాట తప్ప నాకు పైకమేది అన్న పాదం దగ్గర ఆయన కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. అది చూసి జనం ఇంకా నవ్వారు, ఎంత బాగా యాక్షను చేస్తున్నాడో అని.

"వన్స్‌మోర్" అన్నారు.

నేను హార్మోనియం బెల్లోసు మీంచి చెయ్యి తీసేశాను. ఇవ్వను, ఏం చేస్తారో చేసుకోండి అనుకున్నాను. మళ్ళీ వన్స్‌మోర్, ఈలలు, చప్పట్లు. మా బావ నా వైపు తిరిగి తల ఊపాడు, ఇవ్వు అన్నట్టు. ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను, ఆయన అడిగాడు.

రెండోసారి ఆయన ఏం చేశాడో వినండి. కిరీటం నెత్తిన వంకరగా పెట్టుకున్నాడు. నడుం వంచాడు. పద్యం మధ్యలో తాత దగ్గు దగ్గాడు, దగ్గి దగ్గి శ్రుతిలోకి వచ్చాడు. ఎవ్వరికీ అనుమానం రాకుండా, అంతా తను అనుకుని చేసిందే అన్నట్టు, తనని తనే జోకరుని చేసుకున్నాడు. హాలు కుర్చీల మీంచి లేచి నిలబడింది. నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. నవ్వనివాళ్ళం ముగ్గురమే, నేనూ, లావణ్యా, అక్కా. లావణ్య తల దించుకుంది. అక్క దించుకోలేదు. ఆయన పాడినంతసేపూ ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని.

తెర పడగానే ఈశ్వర్రావుగారు పరిగెత్తుకొచ్చి మా బావని కావలించుకున్నారు. "ఏం ఐడియా వేసేరండీ మాణిక్యాలరావుగారూ, రాజుని తాత చేసేసేరు, చంపేసేరండి బాబూ."

"ఆయ్" అన్నాడు మా బావ.

ఇంటికి ఆటోలో వచ్చాం. నేను డ్రైవరు పక్కన, వెనక వాళ్ళిద్దరూ, లావణ్య. మొహం కడుక్కున్నా చెవుల వెనక రంగు అలాగే ఉంది. పొద్దు వాలుతోంది, కాలవ గట్టు వెంబడి గాలి చల్లగా ఉంది. చాలాదూరం వచ్చాక అక్క అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు. తాళంచెవి కనపడకపోతే అడిగినట్టు అడిగింది.

"ఆ గొంతు ఎక్కడ పెట్టేరండీ?"

"దాచేననుకున్నానే" అన్నాడు.

కాసేపటికి ఆయన వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు. ఆ ఏడుపు కూడా తాతదే. అప్పుడు అక్క అంది, "ఊరుకోండి. నాకు జ్ఞాపకం ఉందిలెండి. నా దగ్గరుంది, ఎక్కడికీ పోలేదు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ వినపడతది." ఆ మాటతో ఆయన ఊరుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఆవిడ భుజం మీద తల వాల్చి అంబాజీపేట దాకా అలాగే వచ్చాడు.

తర్వాత అక్క ఎక్కువ రోజులు ఉండలేదు. ఒక పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కొంచెం పడుకుంటానని పడుకుంది. అంతే. కష్టపడకుండా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు అందరూ. అనడానికేం, పోయింది వాళ్ళ అక్క కాదు.

పెద్దకార్యం రోజున సమాజం వాళ్ళంతా వచ్చారు. మాలో ఒకరింట్లో ఇలాంటిది జరిగితే కూర్చుని నాలుగు పద్యాలు పాడి వెళ్ళడం మా ఆచారం. ఎవరెవరో పాడారు. నాగేంద్రబాబు కూడా పాడాడు, మంచి పద్యమే పాడాడు పాపం, మామూలు గొంతుతో. మా బావని ఎవరూ అడగలేదు. ఆయన గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నాడు.

ఆయన మళ్ళీ వేషం కట్టలేదు. ఈశ్వర్రావుగారు రెండుసార్లు మనిషిని పంపారు, రాజు తాత సీను మళ్ళీ పెడదాం, జనం అడుగుతున్నారు అని. నేనే సమాధానం చెప్పి పంపాను. ఏం చెప్పానో ఇక్కడ రాయకూడదు.

మొన్న కళాసమితి వాళ్ళని పంపేశాక నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. లావణ్య వాకిట్లో కూరగాయలు తరుగుతోంది. ఆయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. సంచిక సంగతి చెప్పాను, అట్ట మీద ఏం రాశారో మాత్రం చెప్పలేదు. ఆయన విన్నాడో లేదో తెలియదు.

"బుచ్చీ, మా పెళ్ళిలో నేను పాడేను కదా. నువ్వున్నావు కదరా అప్పుడు?"

"ఉన్నానండి."

"ఎలా ఉండేదిరా నా గొంతు?"

"మంచి గొంతండి బావగారూ."

"మంచిది సరే. ఎలా ఉండేదీ అని."

ఆ పెళ్ళికి నేను పిల్లాణ్ణి. పందిట్లో ఎక్కడో నిద్రపోయి ఉంటాను. ఒకసారి విన్న శ్రుతి మర్చిపోడని నాకు పేరు. పది ఊళ్ళ నటుల శ్రుతులు ఇప్పుడడిగినా చెబుతాను. ఆయనది నా దగ్గర లేదు.

"నాకు గుర్తు రావడం లేదురా" అన్నాడు. "ఎంత వెతుక్కున్నా ఆ ముసలాడే వస్తున్నాడు. నేనూ ఎప్పుడూ వినలేదు కదా దాన్ని, పాడడమే గాని. మీ అక్కనడుగుదావనుకుంటూనే ఉన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంటే వినపడతదంది కదా. కాస్త చెప్పవే, ఎలా వినపడతందో అని అడుగుదావని. సిగ్గేసి ఊరుకున్నాను."

లావణ్య కత్తిపీట దగ్గర చెయ్యి ఆపేసింది. పిల్లకి జోల దగ్గర్నుంచీ తెలిసింది తాత గొంతొక్కటే.

"ఇంకెవరైనా ఉన్నారంటావా బుచ్చీ, విన్నవాళ్ళు?"

కొబ్బరి కొట్టులో అప్పటి వాళ్ళ పేర్లు, పెళ్ళికొచ్చిన పెద్దల పేర్లు ఒక్కొక్కటీ తలుచుకున్నాను. ఒక్కరూ లేరు.

"లేరండి" అన్నాను.